పగలని గుడ్డు కోసం బండి విప్పాం

మొన్న మా పాత వర్క్‌షాపులో కొత్తగా చేరిన మెకానిక్‌లు ఇంటికి వచ్చి, "ఉస్తాద్, నాలుగు చక్రాలు గుంజే బండ్ల గురించి జర చెప్పున్రి" అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను. చాయ్ చల్లారింది. మళ్లీ పెట్టించాను, అదీ చల్లారింది. లోపలి నుంచి మా ఇంటావిడ, "వాళ్లను ఇండ్లకు పోనియ్యున్రి. చెప్పేదేందో కాయితం మీద రాసియ్యున్రి. ఆకలైతే చదువుడు ఆపి అన్నం తింటరు" అంది. అందుకని రాస్తున్నాను.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఫోర్‌మన్‌నయ్యాను, ఎవరి హయాంలో జీతం పెరిగింది వంటివి ఇందులో ఉండవు. రిటైరైన రోజు నాకు ఉన్ని శాలువా కప్పారు. కరీంనగర్‌లో, మే నెలలో. ఆ సంగతి అంతకంటే చెప్పను.

అడవిలో పొట్టి లివర్

నేను మెకానిక్‌గా పాన పట్టింది కరీంనగర్‌లోనే అయినా ఈ విద్య అబ్బింది మాత్రం ఆదిలాబాద్ అడవుల్లో. వయసులో ఉన్నప్పుడు అక్కడ ఒక షెడ్డులో పనిచేశాను. ఒక సర్కారు ఆఫీసు జీపులన్నీ మా దగ్గరికే వచ్చేవి. వాటిలో గేర్ రాడ్ పక్కన ఇంకో పొట్టి లివర్ ఉండేది. మామూలుగా ఇంజన్ బలం వెనక చక్రాలకే పోతుంది. ఆ పొట్టి లివర్ లాగితే గేర్‌బాక్స్ వెనకున్న ఇంకో పెట్టె ఆ బలాన్ని ముందు చక్రాలకు కూడా పంచుతుంది. బురదలోనో వాగు ఇసుకలోనో దిగబడ్డ బండి అప్పుడు నాలుగు కాళ్లతో బయటికి వస్తుంది.

విఠల్ అనే డ్రైవర్ ఆ లివర్‌కు తన సద్ది సంచి తగిలించేవాడు. "విఠల్ భావ్, అది ఎందుకు పెట్టిన్రో ఎరుకేనా?" అని అడిగితే, "ఎరుకే భాయ్. సంచి తలిగేసెటందుకు" అనేవాడు. జీపు దిగబడితే సంచి తీసి భుజాన వేసుకునేవాడు, లివర్ లాగేవాడు, బయటపడగానే లివర్ వదిలి మళ్లీ సంచి తగిలించేవాడు. లివర్ ఎప్పుడు వాడాలో అతనికి సంచే గుర్తుచేసేది.

కొత్తగా వచ్చిన ఆఫీసర్ సార్‌కు ఇది నచ్చలేదు. "సర్కారు నాలుగు చక్రాలకు పైసలు పెట్టింది గదా, రెండే ఎందుకు పని చెయ్యాలె? మిగిలిన రెండింటికి సెలవా?" అని, లివర్ ఎప్పుడూ లాగే ఉంచమని హుకుం వేశాడు. వినడానికి వాదన బాగానే ఉంది. కానీ బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు తిరుగుతాయి. మట్టిలో అయితే చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు. తేడా అంతా పెట్టెలోని గేర్ పళ్ల మీద పడి లోపల బిగుసుకుపోతుంది. సార్ జీపు నిర్మల్ దాకా పోయి, ఒక మలుపులో కీచుమని అరిచి మొండికేసింది. లివర్ ఊడిరావడం లేదు.

నేను వెళ్లి చూసి, "సార్, మీరు జర వెనుకకు పోవాలె" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ హోదాలో ఉన్న మనిషిని వెనక్కి పొమ్మని అంతవరకు ఎవరూ అని ఉండరు. విఠల్ రివర్స్ గేర్ వేసి బండిని కొంతదూరం వెనక్కి పోనిచ్చాడు. బిగువు వదిలింది, లివర్ టక్కున వచ్చేసింది. విఠల్ దానికి సంచి తగిలించాడు. సార్ చూసి జీపెక్కి కూర్చున్నాడు. నేను చూసిన మంచి ఆఫీసర్లలో ఆయనొకడు. తప్పు ఒప్పుకోలేదు గానీ, మళ్లీ చెయ్యలేదు. అది చాలు.

లివర్ పోయింది, డబ్బా వచ్చింది

మీరు చూసే ఇప్పటి బండ్లలో ఆ పొట్టి లివర్ లేదు. సంచి తగిలించే చోటు లేదు. చాలా వాటిలో ఇంజన్ ముందు భాగంలో అడ్డంగా పడుకుని ఉంటుంది, గేర్‌బాక్స్ ముందు చక్రాలనే తిప్పుతుంది. మరి వెనక చక్రాలకు బలం ఎలా పోవాలి? గేర్‌బాక్స్ పక్కన ఒక చిన్న డబ్బా బిగిస్తారు. కంపెనీ పుస్తకంలో దాని పేరు పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్. మేము డబ్బా అనే అంటాం. సైజు కొబ్బరికాయకు పెద్ద, గుమ్మడికాయకు చిన్న.

దాని పని ఒక్కటే, మలుపు తిప్పడం. గేర్‌బాక్స్‌లో అడ్డంగా తిరిగే తిరుగుడును రెండు పళ్ల చక్రాలతో పట్టుకుని నిలువుగా మళ్లిస్తుంది. అక్కడి నుంచి బండి కింద పొడవాటి షాఫ్ట్ ఆ తిరుగుడును వెనక్కి మోసుకుపోతుంది. వెనక ఒక క్లచ్ ఉంటుంది. ముందు చక్రాలు జారుతున్నాయని కంప్యూటర్‌కు అనిపిస్తే ఆ క్లచ్‌ను బిగించి వెనక చక్రాలను కూడా పనిలో పెడుతుంది. జారడం ఆగితే వదిలేస్తుంది. విఠల్ చేసిన పనే, సద్ది సంచి లేకుండా.

ఇప్పుడు ఆ డబ్బా కష్టం వినండి. దానిలో పట్టే నూనె ఒక లోటాకు మించదు. సైలెన్సర్ పైపు ఇంజన్ నుంచి బయటికి వచ్చి, సెగలు కక్కుతూ దాని పక్క నుంచే పోతుంది. పళ్ల మీద బరువెక్కువ, నూనె తక్కువ, పక్కనే పొయ్యి. ఆ నూనె జీవితాంతం మార్చనక్కర్లేదని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. ఎవరి జీవితాంతమో రాయరు. పెద్దపల్లి, రామగుండం ఎండల్లో తిరిగే బండికి ఆ మాట నమ్మకండి. బండి లిఫ్ట్ ఎక్కిన ప్రతిసారీ డబ్బా ప్లగ్ విప్పి నూనె రంగు చూడండి, వాసన చూడండి.

వాసన అన్నాను కాబట్టి అసలు కథకు వస్తున్నాను. గేర్ నూనెలో పళ్లు అరిగిపోకుండా గంధకం సరుకు కలుపుతారు. అది బాగా కాలితే వచ్చేది అచ్చం కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఈ ఒక్క ముక్క సమయానికి తట్టకపోవడం వల్ల ఒక ఆడపిల్ల కాన్పు ఎక్కడ జరగాలన్న గొడవ కరీంనగర్‌లోని మా వర్క్‌షాపు గేటు దాకా వచ్చింది.

"చాచా, బండిల గుడ్డున్నది"

గంగాధర్‌ది వేములవాడ దగ్గర పల్లె. దుబాయిలో చాలాకాలం క్రేన్ నడిపి వచ్చి, నాలుగు చక్రాలు లాగే పెద్ద బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. టైర్లు మార్పించి, వేములవాడలో పూజ చేయించాడు. వాళ్ల అవ్వ బండికి బయటా లోపలా గంధం బొట్లు, వాటి మీద కుంకుమ పెట్టింది. స్పీడు చూపించే అద్దం మీద కూడా ఒక పెద్ద బొట్టు పెట్టి, ఎవరూ తుడవొద్దని గట్టిగా చెప్పింది.

గంగాధర్ భార్య మౌనికకు తొలి కాన్పు, నెలలు నిండుతున్నాయి. ఆమె తల్లి లచ్చవ్వ ధర్మపురి అవతల గోదావరి ఒడ్డు పల్లెలో ఉంటుంది, నాటుకోళ్లు పెంచుతుంది. కొత్త బండిలో మొదటి దూర ప్రయాణంగా గంగాధర్ అత్తగారి ఊరికే పోయి, బిడ్డను చూడ్డానికి ఆమెను తీసుకొచ్చాడు. ఆమె బిడ్డ కోసం తవుడులో సర్ది ఒక గంపెడు నాటుగుడ్లు తెచ్చింది. దారి పొడుగునా గంపను కాళ్ల మధ్య పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా "జర మెల్లగ, అల్లుడా" అంటూ వచ్చిందట.

ఇంటికి చేరేసరికి బండిలో కుళ్లిన గుడ్డు కంపు. తీర్పు చెప్పడానికి ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు. ఒక గుడ్డు పగిలింది, ఆమె చెప్పకుండా దాచింది. లచ్చవ్వ ఒక్కటీ పగల్లేదంది. మాట మాట పెరిగింది. ఆమె చెప్పులేసుకుని బస్సెక్కి ఊరికి పోయింది. మా వైపు తొలి కాన్పు తల్లిగారింట్లో చేయడం ఆనవాయితీ. గంగాధర్ కోపంలో, "తల్లిగారింటికి తోలియ్య. కాన్పు గీడనే అయితది" అనేశాడు. మౌనిక ఏడుస్తూ కూర్చుంది. గొడవకు మూలం బండి కాబట్టి, గంగాధర్ దాన్ని మా దగ్గరికి తోలుకొచ్చాడు.

"ఏం తకలీఫ్, బేటా?" అన్నాను.

"చాచా, బండిల గుడ్డున్నది. తీయున్రి."

నా ఉద్యోగంలో ఇంజన్‌లో తొండ ఉందన్నవాళ్లను చూశాను, సీటు కింద పామును చూశాను. గుడ్డు కోసం వచ్చినవాడు మాత్రం ఇతనే. సీట్లు విప్పాం. కింద పరిచిన మందపాటి గుడ్డ ఎత్తాం. స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి తడిమాం. పల్లీ పొట్టు, దుబాయి నాణెం, ఎండిపోయిన పూజ నిమ్మకాయ, మౌనిక గాజు ముక్క దొరికాయి. గుడ్డు లేదు, పెంకు లేదు, మరక లేదు. అన్నింటికంటే వింత, వాసన కూడా లేదు. నేను లోపల కూర్చుని గట్టిగా పీల్చాను. బాగానే ఉంది.

ఇంటికి తీసుకుపోయాడు. మళ్లీ కంపు. మళ్లీ వచ్చాడు. ఈసారి ఏసీ విప్పి, ఎలుక చచ్చిందేమోనని వెతికాం. ఎలుకా లేదు. లోపలంతా షాంపూతో కడిగి, సీట్లకు నేనే కొంచెం అత్తరు పూశాను. మర్నాడు గంగాధర్ ఫోన్ చేశాడు.

"చాచా, ఇప్పుడు గుడ్డు లగ్గానికి తయారైంది."

లచ్చవ్వ వాదన

ఆ తర్వాత ఒక పొద్దున, గంగాధర్ మళ్లీ బండి తెచ్చి నిలబెట్టిన సమయానికి, లచ్చవ్వ బస్సు దిగి నేరుగా మా గేటులోకి వచ్చింది. మౌనికే ఫోన్ చేసి చెప్పి ఉంటుంది. అల్లుడి వైపు చూడలేదు.

"అన్నా, గుడ్డు దొరికిందా?"

"దొర్కలే, చెల్లె."

"ఉంటె గద దొరికేది. ఎన్ని తెచ్చిన్నో అన్ని బిడ్డ చేతిల పెట్టిన. నన్ను ఆ బండిల తిప్పున్రి. ఏం వాసనో నా ముక్కుతోని నేను సూస్త."

నేను స్టీరింగ్ పట్టుకున్నాను. గంగాధర్ పక్కన, లచ్చవ్వ వెనక. జగిత్యాల రోడ్డు పట్టాం. అత్తా అల్లుడూ ఒకరితో ఒకరు మాట్లాడడం లేదు, ఇద్దరూ నాతోనే మాట్లాడుతున్నారు.

"చాచా, కిటికీ తెరువమని చెప్పున్రి. గాలాడుతది."

"అన్నా, కిటికీ తెరిస్తె వాసన ఎట్ల తెలుస్తదని అడుగున్రి."

బండి నడపడం కంటే ఈ మాటలు చేరవేయడమే కష్టమైంది. కొంతదూరం పోయాక చెరుకు రసం బండ్ల దగ్గర లచ్చవ్వ "ఆపున్రి" అంది. ఆపాను. ఆమె దిగి, అంగట్లో పుచ్చకాయ బేరమాడేటప్పుడు చూసినట్టు బండి చుట్టూ తిరిగి, ముందు చక్రం దగ్గర వంగి ముక్కు పెట్టింది.

"అన్నా, గిటు రాండ్రి. కుళ్లిన గుడ్డు పొద్దుగాల సుత కంపు కొడ్తది, మాపటికి సుత కొడ్తది. గిది బండి ఉరికినంకనే కొడ్తున్నది. మరి నా గుడ్డు బండి లోపట పగిలితె, వాసన బండి కింద కెల్లి ఎట్ల వస్తది? నడిచే బండి కింద ఏ కోడి గుడ్డు పెట్టింది?"

నేను వంగాను. ఆరుబయట, చుట్టూ చెరుకు రసం, పొలం గాలి. అప్పుడు తగిలింది నా ముక్కుకు. మా షెడ్డులో నేల, గోడలు, పాత గుడ్డలు, మా చొక్కాలు అన్నీ ఆ వాసనే కొడతాయి కాబట్టి మా ఎవరికీ అది వాసనలా అనిపించలేదు. నా చొక్కాలు ఉతికే మా ఇంటావిడను పిలిచి ఉంటే మొదటి రోజే చెప్పేది. తువ్వాలు పరుచుకుని బండి కింద పడుకున్నాను. డబ్బాకు గాలి వదిలే చిన్న గొట్టం ఉంటుంది. దాని నుంచి నల్లటి నూనె బొట్టు బొట్టుగా వచ్చి సైలెన్సర్ పైపు మీద పడుతోంది, పడ్డచోట పొగ లేస్తోంది.

"చెల్లె, నీ గుడ్లకు దీనికి ఏం సంబంధం లేదు. గిది గేర్ నూనె కాలిన వాసన" అన్నాను బండి కింది నుంచే.

లచ్చవ్వ మొదటిసారి అల్లుడి వైపు చూసింది. తిట్టినా అతనికి అంత ఇబ్బంది అయ్యేది కాదేమో. గంగాధర్ చెరుకు రసం తాగుతారా అని నన్ను అడిగాడు.

ఎందుకు కాలింది?

వర్క్‌షాపుకు తెచ్చి లిఫ్ట్ మీదికి ఎక్కించి నూనె దింపాం. బెల్లం పాకంలా నల్లగా, చిక్కగా జారింది. కొత్త నూనె పోసి పంపిద్దామని నేను నూనె క్యాన్ అందుకున్నాను. పక్కన నిలబడి చూస్తున్న మేనేజర్ సార్, హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రవాడు, "నూనె కాలింది సరే ఉస్తాద్, ఎందుకు కాలింది?" అని అడిగాడు. ఆ ప్రశ్న నేను అడగాల్సింది. గుడ్డు లేదన్న సంబరంలో అడగలేదు. మెకానిక్‌కు రోగం దొరకగానే వచ్చే సంతోషం చాలా ప్రమాదమైంది. కారణం దొరికేదాకా ఆ సంతోషాన్ని పక్కన పెట్టండి.

మేనేజర్ సార్ బండి చుట్టూ తిరిగి టేపు తెప్పించి టైర్లు కొలిచాడు. వెనకవి ముందువాటి కంటే పెద్దవి.

"గివి ఎవరు పెట్టిన్రు, గంగాధర్?" అన్నాను.

"మా బాపు చెప్పిండు చాచా. ట్రాక్టర్‌కు ఎనుక పెద్దయి ఉంటయి గద. పెద్దయి పెడితె మంచిగ గుంజుతదన్నడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జీవితమంతా ట్రాక్టర్ నడిపిన రైతు, తనకు తెలిసిన బండిని బట్టి చెప్పాడు. ట్రాక్టర్ ముందూ వెనకా చక్రాల తేడాకు తగ్గట్టు తయారుచేసేవాడు లోపల పళ్లను ముందే లెక్క చూసి కోసి పెడతాడు. ఈ బండి నాలుగు చక్రాలూ ఒక్కటే అనుకుని పుట్టింది. పెద్ద చక్రం తక్కువసార్లు తిరుగుతుంది, చిన్నది ఎక్కువసార్లు తిరుగుతుంది. ముందు చక్రాలు ఎక్కువ తిరగడం చూసి కంప్యూటర్ అవి బురదలో జారుతున్నాయనుకుంది. నున్నటి తారు రోడ్డు మీద, ఎర్రటి ఎండలో, వెనక చక్రాలను సాయానికి పిలుస్తూనే ఉంది. ఆ పిలుపుల భారమంతా మోసి మోసి డబ్బాలో నూనె ఉడికిపోయింది.

"మరి ముందల వార్నింగ్ లైట్ వెలగాలి కదా" అన్నాడు మేనేజర్ సార్. అందరం లోపలికి తొంగిచూశాం. లైటు ఉండాల్సిన చోట గంధం బొట్టు ఉంది. తుడవమంటే గంగాధర్ చేతులు వెనక్కి పెట్టుకుని, "అవ్వను అడగాలె" అని ఫోన్ చేశాడు. తుడిచిన చోటు కాకుండా ఇంకో చోట పెట్టాలని షరతు పెట్టి అవ్వ ఒప్పుకుంది. తుడిస్తే కింద పసుపు దీపం వెలుగుతోంది, ఎప్పటి నుంచో పాపం.

డబ్బా విప్పాం. పళ్లు బాగానే ఉన్నాయి, బేరింగులు, సీళ్లు పోయాయి. అవి మార్చి, కొత్త నూనె పోసి, నాలుగు టైర్లూ ఒకే సైజువి వేయించాం.

బండి ఇచ్చిన రోజు

వాసన పోయింది. కానీ డబ్బా బాగుచేయడం తెలిసిన మాకు మిగిలిన రిపేరు చేతకాదు. మాట అన్నవాడు అల్లుడు, పడ్డది అత్త. మా వైపు అల్లుడు అత్తకు తప్పయిందని చెప్పడం నేనైతే వినలేదు. పానాలు లేని పని అది. ఇట్లాంటి చోట మెకానిక్ నోరు మూసుకుని చేతులు కడుక్కోవడమే మంచిది.

బండి తీసుకోవడానికి గంగాధర్, మౌనిక ఇద్దరూ వచ్చారు. కరీంనగర్‌లో డాక్టర్‌కు చూపించి ఆటోలో వచ్చారట, బండి చూడగానే ఆమె వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. గేటు దగ్గర లచ్చవ్వ నిలబడి ఉంది. ఆమెను నేనే రమ్మన్నాను, తన కళ్లతో చూసుకుంటుందని. మౌనిక కిటికీలోంచి చెయ్యి ఊపింది. లచ్చవ్వ చూసింది గానీ దగ్గరికి రాలేదు, అల్లుడు పిలవందే రాదు.

గంగాధర్ నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"చాచా, మీరే అత్తకు జర చెప్పున్రి."

"ఏమని చెప్పాలె?"

"గదే... బండిల గుడ్డు లేదని."

"గుడ్డు లేదని ఆమెకు ముందే ఎరుక, బేటా. నీకే ఎరుక లేకుండె."

అతను బయట ఆగి ఉన్న ఆటో దగ్గరికి పోయి, దాంట్లో నుంచి ఒక పెద్ద సూట్‌కేసు, ఒక దుప్పటి మూట దింపి, లచ్చవ్వ చూస్తుండగా తెచ్చి బండి డిక్కీలో పెట్టాడు. పెట్టి, అటు తిరిగే ఉండి అన్నాడు.

"అత్తా, బస్సుల ఎందుకు పోవుడు. మౌనిక బట్టలన్ని తెచ్చిన. కాన్పయ్యేదాంక నీ తాననే ఉంటది."

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు చాలా సంతోషమేసింది. మేనేజర్ సార్ టైరు మీద లేని దుమ్ము దులుపుతున్నాడు.

గంగాధర్ ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"అత్తా, ముందల కూసో. ఏసీ మంచిగ తగుల్తది."

"నాకెందుకు ముందల సీటు. బిడ్డ ఎనుక ఉన్నది గద." వెనక తలుపు తీసుకుని మౌనిక పక్కన కూర్చుంది, ఆమె చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. తలుపు వేశాక అద్దం దింపి, అల్లుడితో నేరుగా అంది. "పైలంగ నడుపు, అల్లుడా. గుంతలున్నయి."

బండి గేటు దాటి జగిత్యాల రోడ్డెక్కింది. జనాన్ని కుక్కుకుని పోయే షేర్ ఆటో ఒకటి హారన్ మోగిస్తూ వెనక నుంచి వచ్చి వాళ్లను దాటేసింది. దుబాయిలో అంత పెద్ద క్రేన్ తిప్పిన గంగాధర్ పక్కకు తప్పుకుని దానికి దారిచ్చాడు.